నాలుగు వేళ్ళ గుర్తు

సుబ్బరావమ్మకి మూఢమంటే ఎంత భయమో, ఆవిడ కోడలు బిందుమాధవికి సుబ్బరావమ్మంటే అంత భయం. ఈ రెండు భయాలూ కలిసి ఒక పచ్చని సంసారాన్ని కోర్టు మెట్లెక్కించాయంటే నమ్ముతారా? నమ్మాలి మరి, ఎక్కించాయి.

తాళ్ళగుంటపాలెంలో ఈ అత్తాకోడళ్ళది కారప్పొడి వ్యాపారం. సొంత చేలో కాసిన మిరపకాయలు, అవి చాలకపోతే చుట్టుపక్కల రైతుల దగ్గర కొన్నవీ కల్లంలో ఎండబెట్టి, తొడిమలు తీయించి, మిల్లులో ఆడించి పొట్లాలు కడతారు. బిందుమాధవి డిగ్రీ చదివిన పిల్ల కాబట్టి ఒక వెబ్‌సైటు పెట్టింది. దాని పేరు ‘నాలుగువేళ్ళు’. ఊళ్ళో మొదట నవ్వారు. బెంగళూరు నుంచీ పూణే నుంచీ ఆర్డర్లు రావడం మొదలయ్యాక నవ్వడం మానేసి, తమ కాయ కూడా కొనమని గుమ్మం ముందుకొచ్చారు. “మనకి నాలుగు వేళ్ళు నోట్లోకెళ్తన్నాయంటే ఈ నాలుగు వేళ్ళ చలవే,” అనేవాడు బిందుమాధవి మొగుడు శివనాగరాజు, పొట్లం మీది బొమ్మ చూపించి.

ఆ బొమ్మ నీలం రంగు అరచెయ్యి. దానికి ఉంగరపు వేలు ఉండదు. అది ఎవరో కూర్చుని గీసిన బొమ్మ కాదండీ, సుబ్బరావమ్మ కుడిచెయ్యే. పెళ్ళి కాకముందు పత్తి మిల్లులో పనికి పోయినప్పుడు యంత్రం ఆ వేలు తినేసింది. బొట్టు పెట్టేది ఆ వేలితోనే కదా! అందుకని పేరంటాల్లో ఆవిణ్ణి బొట్టు పెట్టమని ఎవరూ అడగరు. ఆవిడా వెనకవరసలో కూర్చుని కుడిచెయ్యి పమిట కిందే ఉంచుకుంటుంది. ఇంట్లో ఎంత నోరో, నలుగురిలోకి వెళ్ళినప్పుడు అంత మౌనం.

కల్లంలో మాత్రం ఆ చేతికి ఎదురులేదు. కాయలు ఏరే ఆడకూలీల ముఠాకి సుబ్బరావమ్మ మేస్త్రి. ఆవిడ ముఠా ఏరిన కాయలో రంగు పోయిన తాలుకాయ ఒక్కటి కనిపిస్తే ఒట్టు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఎవరో దళారి, మంచి బస్తాలు పక్కన దాచి తాలుకాయ బస్తాలు ముందుకు తోసి, “ఇదిగో సుబ్బరావమ్మ ఏరిన కాయ!” అని గుంటూరు మిర్చి యార్డులో నలుగురి ముందూ గేలి చేశాడు. ఆవిడకి చదువు రాదు, బస్తా మీద పేరు రాద్దామంటే అక్షరం రాదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. తెల్లారి కల్లానికి వెళ్ళి, బస్తాల మీద గుర్తులు రాసే నీలం పెయింటులో చెయ్యి ముంచి, తను చూసి కట్టించిన ప్రతి బస్తా మీదా ఫెడీమని కొట్టింది. ఇప్పుడు మార్చండ్రా చూస్తాను, అంది. అది మొదలు. కొన్నాళ్ళకి గుంటూరు యార్డులో కొనేవాళ్ళు ‘చెయ్యి బస్తా’ ఉందా అని అడిగి మరీ కొనడం మొదలుపెట్టారు.

అలాంటి చేతిని బిందుమాధవి ఒక కొత్త బస్తా మీంచి పల్చటి కాగితం వేసి గీసుకుని, ఫోనులో ఎక్కించి, లోగో చేసింది. “నా అవిటి చెయ్యి ఊరంతా తిప్పుతావుటే!” అని సుబ్బరావమ్మ వారం పాటు కోడలితో మాట్లాడలేదు. పొట్లాలు అమ్ముడవుతుంటే మెత్తబడింది, అంతే.

ఇక మూఢం సంగతి. వెబ్‌సైటు పేరు ఒకసారి కొంటే మనదైపోదు, గడువు తీరేలోగా మళ్ళీ కట్టాలి. ఆ గడువు దగ్గర పడింది. పనిలో పనిగా ఆ పేరూ ఆ చెయ్యి బొమ్మా ట్రేడ్‌మార్కుగా కూడా రిజిస్టరు చేయిద్దామని బిందుమాధవి అనుకుంది. సరిగ్గా అప్పుడే శుక్రమూఢం వచ్చింది.

“మూఢంలో పేరు రాయిస్తారుటే ఎవరన్నా? పసిబిడ్డకి పేరు పెడతామా మూఢంలో?” అంది సుబ్బరావమ్మ.

“ఇది పాత పేరే కదత్తయ్యా. గడువు పొడిగించడమే.”

“మళ్ళీ కట్టి రాయించేది పాతదెట్టా అవుద్ది? కాస్త ఆగితే కొంపలేం మునగవు. మూఢం వెళ్ళనీ.”

మునిగాయి. ఎందుకు మునగవూ? గ్రహాలకి మూఢం ఉంటుంది గానీ కంప్యూటర్లకి ఉండదు కదా. గడువు తీరుతోందని హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. బిందుమాధవి వాటిని అత్తగారికి చూపించే ధైర్యం లేక ఒక్కొక్కటే పక్కకి తోసేసింది. మూఢం వెళ్ళిన మంచిరోజున తలంటు పోసుకుని, ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, దానిముందు కొబ్బరికాయ కొట్టి తెరిచింది. పేరు లేదు. ఎవరో కొనేసుకున్నారు. తెర మీద అదే పేరు, అదే నీలం చెయ్యి, అదే లేని వేలు. కింద మాత్రం హైదరాబాదులోని ఏదో కంపెనీ చిరునామా. కొబ్బరినీళ్ళు కీబోర్డు పక్కనుంచి కారిపోతుంటే బిందుమాధవి తుడవను కూడా తుడవలేదు.

ఆ తరవాత ఫోన్లు మొదలయ్యాయి. “ఏమ్మా, మీ కారం నీళ్ళలో వేస్తే ఎర్రరంగు దిగుతోందేంటి?” అని ఒకరు. “చెయ్యి గుర్తని నమ్మి కొన్నాం, పిల్లాడికి కడుపునొప్పి,” అని ఇంకొకరు. అది మాది కాదండీ, ఆ కంపెనీ వాళ్ళదండీ మొర్రో అంటే వినేదెవరు? ఇదిలా ఉండగా ఆ కంపెనీ నుంచే నోటీసు వచ్చింది. ఆ పేరూ ఆ గుర్తూ తమవట, పన్నెండేళ్ళుగా వాడుతున్నారట, ట్రేడ్‌మార్కుకి దరఖాస్తు కూడా పెట్టారట, మీరు కాపీ కొడుతున్నారు కాబట్టి వెంటనే ఆపాలట! దొంగే వచ్చి ఇంటివాళ్ళని బయటికి పొమ్మంటే ఎట్లా ఉంటుందో చూడండి.

శివనాగరాజు నోటీసు చదివి వినిపించాడు. సుబ్బరావమ్మ మొత్తం విని, పమిట కిందనుంచి చెయ్యి తీసి చూసుకుంది.

“ఇది నాది కాదంటాడా? నా చెయ్యి వాడిదంటాడా?” అంది. అరవలేదు. ఆవిడ అరవకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. “మూఢం మూఢమని నేనే నీ చెయ్యి కట్టేశానే బిందూ,” అని గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ మాటకి బిందుమాధవికి ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

గుంటూరు బ్రాడీపేటలో ఖుర్షిదా అని లాయరమ్మ ఉంది. ఇలాంటి గుర్తుల కేసులు చూస్తుందని ఎవరో చెబితే అత్తాకోడళ్ళు వెళ్ళారు. ఆవిడ కాగితాలన్నీ చూసి కళ్ళజోడు తీసింది.

“చూడమ్మా, ముందు రిజిస్టరు చేయించుకుంటే మంచిదే. కానీ చట్టం అక్కడే ఆగిపోదు. ఆ గుర్తు ముందు ఎవరు వాడారు, జనం దాన్ని చూసి ఎవరి సరుకనుకుంటారు, అదీ చూస్తుంది. వెబ్‌సైటు పేరుకీ అంతే. కొట్టు మీద బోర్డు ఎట్లాగో అదీ అట్లాగే. జనాన్ని మోసపుచ్చడానికి వాడితే కోర్టు ఆపుతుంది.”

“అయితే మనం గెలుస్తామా మేడమ్?”

“వాళ్ళు పన్నెండేళ్ళంటున్నారు, మీ వెబ్‌సైటుకి రెండేళ్ళు నిండలేదు. అబద్ధమని నాకూ తెలుసు. నాకు తెలిస్తే చాలదే! అంతకుముందు నుంచీ ఈ చెయ్యి మీదేనని రుజువు తేవాలి.”

రుజువెక్కడుంది? బస్తాలు ఏ ఏటికా ఏడు సరుకుతో వెళ్ళిపోయాయి. ఖాళీ గోతాన్ని ఎవరు దాచుకుంటారు? ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. ఏటుకూరు దాటాక సుబ్బరావమ్మ ఉన్నట్టుండి, “ఖాళీ గోతాం పారేసేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదే,” అంది. నిజమే కదా! ఈ నేల మీద గోనెసంచి పుట్టడమే గానీ చావడం ఉండదు. పరదా అవుతుంది, పట్టా అవుతుంది, గేదెమీద కప్పు అవుతుంది. బిందుమాధవి అక్కడే బస్సులో ఫోను తీసి, రికార్డింగు నొక్కి అత్తగారి నోటిముందు పెట్టింది.

“ఏం మాట్లాడనే?”

“మీకేం కావాలో అడగండత్తయ్యా.”

సుబ్బరావమ్మ గొంతు సవరించుకుంది. “అయ్యా, అమ్మా, నేను తాళ్ళగుంటపాలెం సుబ్బరావమ్మని మాట్లాడతన్నా. నీలం రంగు చెయ్యి వేసిన మిరపకాయ బస్తా గోతాం, ఉంగరపు వేలుండదు, అది మీ ఇంట్లో ఎక్కడన్నా ఉంటే కాస్త చూడండమ్మా. అది నా చెయ్యి. ఎవరో కాజేశారు. దొరికితే చెప్పండి, మీకు పుణ్యం ఉంటది.” బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ఆ మాటలు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పడ్డాయి. అక్కడినుంచి లారీ డ్రైవర్ల గ్రూపుల్లోకి, కూలీమేస్త్రీల గ్రూపుల్లోకి, బంధువుల గ్రూపుల్లోకి పాకాయి. ‘ఎవరి చెయ్యో పోయిందంట’ అని నవ్వుతూ పంపినవాళ్ళూ ఉన్నారు. ఎట్లా పంపితేనేం, చేరింది.

మొదటి ఫోను పిడుగురాళ్ళ నుంచి వచ్చింది. సున్నం బట్టీలో పనిచేసే ఇమ్మానియేలు. “అమ్మా, మా బట్టీ దగ్గర ఎండ పడకుండా గోతాలు కలిపి కుట్టి కట్టుకున్నాం. అందులో ఒకదాని మీద మీ చెయ్యి ఉందండి. రోజూ దాని కిందే అన్నం తింటన్నాం గానీ ఎవరిదో తెలవదు.” వెంటనే ఫోటో పంపాడు. సున్నపుదుమ్ము పట్టిన గోనె, మధ్యలో నీలం అరచెయ్యి. పక్కన కోల్డ్ స్టోరేజీ వాళ్ళు అచ్చు వేసిన లాటు నంబరూ, సంవత్సరమూ. సంవత్సరం! బిందుమాధవి ఫోనుని కళ్ళకద్దుకుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టే ప్రతి బస్తా మీదా ఏడాది అచ్చు వేస్తారన్న సంగతి రోజూ చూస్తూనే మర్చిపోయింది.

ఇక చూడండి, వరద. దాచేపల్లిలో ఒక టీకొట్టు ముందు పరదా. ఒంగోలు దగ్గర గేదె మీద కప్పు. ఏదో ఊరి చర్చిలో పిల్లలు కూర్చునే పట్టా. బియ్యపు డ్రమ్ము కింద ఒకటి, మోటారు మీద వానకి కప్పింది ఒకటి. ఎక్కడెక్కడి మనుషులో, ఎప్పుడూ మొహం చూడనివాళ్ళు, గోతాం పట్టుకుని నవ్వుతూ ఫోటోలు దిగి పంపారు. కొందరు బస్సు డ్రైవర్ల చేతికిచ్చి గోతాలే పంపేశారు. సుబ్బరావమ్మ చీరాల దాటి ఆవలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ చెయ్యి మాత్రం మూడు జిల్లాలు తిరిగి, వేలమంది ఇళ్ళలోకి వెళ్ళి కూర్చుంది.

దర్శి నుంచి మెహర్ అనే ఆవిడ స్వయంగా వచ్చింది, గోతాం మడిచి చంకలో పెట్టుకుని. “మా అమ్మ దీంతో ఉయ్యాల కుట్టిందమ్మా. నేనూ ఇందులోనే పడుకున్నా, నా పిల్లలూ ఇందులోనే పడుకున్నారు. బిడ్డ వీపు కింద సరిగ్గా చెయ్యి వచ్చేట్టు కుట్టింది. ఎవరో తల్లి చెయ్యి, కాపలాగా ఉంటదని,” అంది.

సుబ్బరావమ్మ లేచింది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తేవడానికి చాలాసేపు పట్టింది. తెచ్చిన గ్లాసు కుడిచేత్తో ఇచ్చింది. పరాయివాళ్ళకి ఆవిడ ఏదైనా ఆ చేత్తో ఇవ్వడం బిందుమాధవి అదే మొదటిసారి చూడటం.

ఖుర్షిదా కేసు వేసింది. కోర్టు వాయిదా ముందురోజు గోతాలన్నీ కల్లంలో పరిచారు. ఏడాదుల ప్రకారం సర్దమంది ఖుర్షిదా. బిందుమాధవి పాతవాటి దగ్గర్నుంచి మొదలుపెట్టి వరసగా పరుచుకుంటూ వచ్చి, చివర నిలబడి వెనక్కి చూసింది.

ఒక మనిషి జీవితం ఎండలో పరిచి ఉంది. మొదటి చేతులు చిన్నవి, కోపంగా కొట్టినవి, పెయింటు చుట్టూ చిమ్మి ఉంది. ఆ తరవాతవి నిండుగా, నిబ్బరంగా ఉన్నాయి. మామగారు పోయిన ఏడాదిది కూడా ఉంది. అంటే ఆ ఏడు కూడా ఈవిడ కల్లానికి వెళ్ళి చెయ్యి వేసిందన్నమాట! రానురాను వేళ్ళు లావెక్కాయి, అరచేతిలో గీతలు లోతుపడ్డాయి. ఇంత చెయ్యితో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కంచంలో ముద్దలు కలిపించుకు తింటూ, తను ఇన్నాళ్ళూ ఏం చూసినట్టు? బిందుమాధవి చెప్పులు విడిచింది. ఎందుకు విడిచిందో అడిగితే తనకీ తెలియదు.

అప్పుడు కంటపడింది. చివరి కొన్ని గోతాల మీద బొటనవేలు వంకర. బయటికి తిరిగి, కొక్కెంలా ఉంది. అంతకుముందు వాటన్నిటి మీదా తిన్నగానే ఉంది.

“అత్తయ్యా! మీరు ట్రాక్టరు మీంచి పడింది ఎప్పుడు?”

“నాలుగేళ్ళయింది. తుఫానొచ్చిన ఏడు. కట్టు సరిగా పడక వంకరగా అతుక్కుందిగా,” అంది సుబ్బరావమ్మ. “దానికీ దీనికీ ఏందే సంబంధం?”

బిందుమాధవి కంపెనీ బొమ్మ అచ్చేసిన నోటీసు కాగితం కోసం ఇంట్లోకి పరిగెత్తింది.

ఇలాంటి కేసులు చూసే విజయవాడ కోర్టులో కంపెనీవారి లాయరు చక్కగానే మాట్లాడాడు. అరచెయ్యి ఎవరి సొత్తూ కాదన్నాడు. తమ చెయ్యి కంప్యూటర్లో గీయించుకున్న డిజైననీ, పన్నెండేళ్ళుగా ఒక్క గీత మారకుండా అదే వాడుతున్నారనీ అన్నాడు. ఖుర్షిదా ఆ ‘ఒక్క గీత మారకుండా’ అన్నమాట మరోసారి చెప్పించింది. అతను హుషారుగా చెప్పాడు, పాపం.

అప్పుడు గోతాలు తెప్పించింది. కోర్టు హాల్లో బల్లల మీదా, చాలక నేలమీదా వరసగా పరిచారు. సున్నం వాసన, గేదె వాసన, పాత మిరపఘాటు, అన్నీ కలిసి హాలంతా కమ్మేశాయి. రెండో వరసలో ఒకాయన తుమ్మాడు. జడ్జిగారు కుర్చీలోంచి లేచి ముందుకు వంగారు. పాత సంవత్సరం నుంచి కొత్త సంవత్సరం దాకా నిదానంగా చూసుకుంటూ వెళ్ళారు.

“బొటనవేలు చూడండి సార్,” అంది ఖుర్షిదా. “నాలుగేళ్ళ కిందటి వరకూ తిన్నగా ఉంది. ఆ ఏడు విరిగింది. ఆస్పత్రి ఎక్స్‌రే కూడా జతచేశాను. వీళ్ళ బొమ్మలో వేలు వంకరగా ఉంది. పన్నెండేళ్ళ కిందట గీయించిన బొమ్మకి, నాలుగేళ్ళ కిందట విరిగిన వేలు ఎట్లా వచ్చింది?”

కంపెనీవారి లాయరు కాగితాలు తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. అందులో ఏముంటుంది?

“అమ్మా, మీ చెయ్యి ఒకసారి చూపిస్తారా?” అన్నారు జడ్జిగారు.

సుబ్బరావమ్మ లేచింది. నిండు సభ. నల్లకోట్లు, పోలీసులు, ఎవరెవరో. ఈవిడ ఇంతమందిలో తియ్యదేమోనని బిందుమాధవి భయం. సుబ్బరావమ్మ పమిట కిందనుంచి కుడిచెయ్యి తీసి, పైకెత్తి, వేళ్ళు విప్పింది. అందరూ దాన్ని చూశారు, కిందపరిచిన గోతాలని చూశారు, మళ్ళీ దాన్ని చూశారు. ముసలిచెయ్యి. వేలు లేదు, బొటనవేలు వంకర, గోళ్ళలో ఇంకా నీలం పెయింటు. బిందుమాధవికి దణ్ణం పెట్టాలనిపించింది. కోర్టులో బాగుండదని ఊరుకుంది గానీ, మనసులో పెట్టేసింది.

ఆ రోజే కోర్టు కంపెనీని ఆ చెయ్యీ, ఆ వెబ్‌సైటు పేరూ వాడొద్దని ఆపింది. తరవాత వాళ్ళే దిగొచ్చారు. దరఖాస్తు వెనక్కి తీసుకుని వెబ్‌సైటు పేరు తిరిగిచ్చేశారు. బిందుమాధవి ట్రేడ్‌మార్కుకి దరఖాస్తు పెట్టింది, ఈసారి పంచాంగం చూడకుండా. “ఈ చెయ్యి ఇక నీదేనమ్మా, ఎవడూ ముట్టుకోలేడు,” అని శివనాగరాజు తల్లిని ఆటపట్టిస్తుంటే, ఆవిడా గర్వంగానే నవ్వింది.

కేసు ముగిసి గోతాలు కోర్టు నుంచి తిరిగొచ్చాక దర్శి మెహర్ ఫోను చేసింది. బిందుమాధవి స్పీకరు పెట్టింది.

“పెద్దమ్మా, బాగున్నారా? మా చిన్నమ్మాయికి పాప పుట్టింది. ఇవాళే ఇంటికి తీసుకొచ్చాం. మీ పని అయిపోతే మా చెయ్యి మాకు పంపిస్తారా?”

మా చెయ్యి! బిందుమాధవి ఉలిక్కిపడి అత్తగారి మొహం చూసింది. ఇంత కొట్లాడి, కోర్టుకెక్కి, నాది నాది అని తెచ్చుకున్న చెయ్యి. ఏమంటుందో, నోరు అసలే మంచిది కాదు.

సుబ్బరావమ్మ ఫోను దగ్గరికి తీసుకుంది.

“పంపిస్తానమ్మా,” అంది. “మీ చెయ్యి మీకు భద్రంగా పంపిస్తా. పాపని దానిమీద పడుకోబెట్టుకోండి.”